నా వంతు

"నిన్న వాయించిందే మళ్లీ వాయించినవ్ బాపూ. ఊపిరి గూడ గక్కడనే తీస్కున్నవ్," అంటూ నాకు జాజ్ నేర్పే అబ్దుల్ వాహెద్ గిటార్ ఆపాడు.

దొరికిపోయాను. ముప్పై ఏళ్లు పోలీసు బ్యాండులో కాగితం చూసి క్లారినెట్ ఊదినవాణ్ణి. జాజ్‌లో నా వంతు వచ్చినప్పుడు అప్పటికప్పుడు అల్లి వాయించాలి. భయమేసి, ఇంట్లో రాసుకుని బట్టీ పట్టి వచ్చాను.

"నాతోని కాదు భాయ్. ఇయ్యాల్టితోని బంద్ చేస్త."

"చేద్దువు గని. ఒక్కపారి రాసుకోకుంట ఊదు."

మళ్లీ మొదలుపెట్టాడు. నా వంతు వచ్చింది. ఏమీ తోచలేదు. క్లారినెట్ నోట్లోనే ఉంది, వంతు దాటిపోయింది.

వాహెద్ ఆపలేదు. పాట ఒక చుట్టు పూర్తిచేసి నాకు మళ్లీ చోటు వదిలాడు. మళ్లీ ఊరుకున్నాను.

నా భార్య బాలమ్మ పోయి ఏడాది. నేను ఊరుకున్నప్పుడల్లా ఎవరో ఒకరు ధైర్యం చెప్పేవారు. ఇతను మాత్రం లాల్‌దర్వాజా రోడ్డు మీది హారన్ల మధ్య తీగలు మెల్లగా మీటుతూ కూర్చున్నాడు.

మూడోసారి ఒక్క స్వరం ఊదాను. వణికింది.

"గింతేనా నా వంతు?" అన్నాను సిగ్గుపడి.

"ఇయ్యాల్టికి గంతే. మిగిలింది రేపు."

క్లారినెట్ విప్పి తుడుచుకున్నాను.

"ఎన్నింటికి రమ్మంటవ్?"