ఉన్నవి చాలవా

"పదకొండు దాటితే వర్జ్యమంట మాస్టారూ. బేగి తయారవ్వండి," అన్నాడు మారుతి, గేటు తీసుకుని లోపలికొస్తూనే.

భానుమూర్తి మాస్టారు కదల్లేదు. తన పాత మోటారు సైకిళ్లు రెండింటినీ వాకిట్లో పక్కపక్కన నిలబెట్టి, చిన్న పీట మీద కూర్చుని ఒకదాని చైనుకి ఆయిల్ వేస్తున్నారు.

"ఎక్కడికి?"

"షోరూముకండి. నేను సెప్పిన బండి వచ్చింది. మన నర్సీపట్నానికి ఒక్కటే పంపారంట. తాళం మీ సేతుల మీదుగా తీసుకుందామని."

మారుతి రోలుగుంట సచివాలయంలో పని చేస్తాడు. అతని తండ్రి పేరు దేవుళ్లు. ఆయనా మాస్టారూ చిన్ననాటి స్నేహితులు. తండ్రి పోయాక మారుతి ఏం చేసినా మాస్టారికి చెప్పే చేస్తున్నాడు. ఈ బండి బొమ్మ ఫోన్లో మొదట చూపించింది కూడా ఆయనకే. ఆ రోజు ఆయన కళ్లజోడు సవరించుకుని చాలాసేపు చూసి, ఏమీ అనకుండా ఫోన్ తిరిగిచ్చేశారు.

"ఇప్పుడు నీ దగ్గర ఏటేటి ఉన్నాయి?"

"నేను ఆఫీసుకేసుకెళ్లేది ఒకటి, నాన్న రాజ్‌దూత్ ఒకటి. నాన్న పోయాక దాన్ని తియ్యలేదండి. కొత్తదానికి సోటు సాలదని పాత ఇనుము వాడికి సెప్పాను. సాయంత్రం వచ్చి పట్టుకెళ్తానన్నాడు."

మాస్టారు ఆయిల్ డబ్బా కింద పెట్టారు.

"నీకు టైఫాయిడ్ వచ్చినప్పుడు గొలుగొండ నుంచి ఆసుపత్రికి దేని మీద తెచ్చాడ్రా మీ నాన్న?"

"ఆ రాజ్‌దూత్ మీదేనండి."

"నేనే వెనకాల కూర్చుని నిన్ను పట్టుకున్నాను. ఒకటే వాన. దారి పొడుగునా దేవుళ్లు ఏడుస్తూనే నడిపాడు. ఆ బండిని తూకానికి అమ్ముతావా?"

"అలాగని కాదండీ..."

"మరెలాగ? నన్ను సూడు. రెండూ పాతవే. మూడోది కావాలని ఏనాడైనా అన్నానా? కొత్తది నెల్లాళ్ల సరదా. ఆ తర్వాత ఇంకోటి కావాలనిపిస్తాది. ఉన్నవి సాలనుకుంటేనే మనిషికి నిద్ర పడతాది."

మారుతి తల వంచుకున్నాడు.

"సిన్నప్పట్నించీ అన్నీ ఒకరు వాడి ఒదిలేసినవేనండి. ఇప్పుడు నడిపేదీ సెకండ్ హ్యాండే. ఒక్కటి, నేనే మొదట ఎక్కేది ఒక్కటి ఉండాలని..."

"కొనుక్కో. వద్దనడానికి నేనెవర్ని? మీ నాన్న ఉంటే అడిగేవాడు. లేడు కదా."

మారుతి కళ్లు తుడుచుకుని ఫోన్ తీశాడు.

"షోరూమేనా అండీ? మారుతిని. ఆ బండి నాకొద్దండి. లేదండీ, ఆలోచించుకునే సెప్తున్నాను. ఇంకెవరికైనా ఇచ్చేయండి."

తర్వాత ఇంటికి చేశాడు. భార్య వెంకటదుర్గ గొంతు మాస్టారికి కూడా వినిపించింది.

"బయల్దేరారా? పాప పూలదండ పట్టుకుని పొద్దున్నించీ గేటు కాడే నిలబడింది."

"లేదు దుర్గా. మనకి ఉన్నవి సాలు."

అవతల ఫోన్ కట్టయిపోయింది.

మారుతి వంగి మాస్టారి కాళ్లకు దండం పెట్టాడు. "మీరు సెప్పకపోతే పెద్ద తప్పే సేసేవాణ్ణండి."

"మీ నాన్న సంతోషిస్తాడ్రా," అని మాస్టారు అతని తల నిమిరారు.

బయట మారుతి బండి స్టార్టు కాలేదు. ఎన్నిసార్లు కిక్కు కొట్టినా లాభం లేకపోయింది. చివరికి దాన్ని ఎండలో తోసుకుంటూ బయల్దేరాడు.

మాస్టారు గేటు దాకా వచ్చి, అతను సందు మలుపు తిరిగేదాకా చూశారు. చేతికంటిన ఆయిల్ గుడ్డకి తుడుచుకుని, జేబులోంచి ఫోన్ తీశారు.

"మారుతి వద్దన్నాడుగా, ఆ బండి నా పేరున రాయండి."