ఈసారి ఎవరూ దాక్కోలేదు

“ఇంకాస్త మధ్యకి జరుపు. తలుపు తియ్యగానే కనబడాలి,” అంది వెర్లీన్.

కొడుకు కార్నెల్ కుర్చీ మీద నిలబడి పెళ్లిఫోటోని మధ్యకి జరిపాడు. అందులో అమ్మ, పోయిన నాన్న, వాళ్ల వెనక నాన్న తరపు బంధువులు. ఇంటినిండా మన నల్లవాళ్లే. ముందుగది గోడ అప్పటికే తాతలతో, పిన్నులతో, చర్చి టోపీలు పెట్టుకున్న పెద్దమ్మలతో నిండిపోయింది.

వంటింట్లో చేపలు వేగుతున్నాయి. ఆ వాసన వీధి దాకా పోతోంది. వెర్లీన్ రెండుసార్లు వెళ్లి మంట చూసొచ్చింది, మూడుసార్లు కిటికీలోంచి వీధి చూసింది. ఇంటికి విలువ కట్టే ఆ మనిషి ముందే వచ్చేస్తే? అసలు లోపలికే రాకుండా బయటినుంచే చూసి వెళ్లిపోతే?

వచ్చింది ఎదురింటి హెయిడీ. నాలుగేళ్ల కిందట బాల్టిమోర్‌లోని ఈ వీధిలో ఇల్లు కొనుక్కున్న తెల్లమ్మాయి. చేతిలో సంచీ, అందులో తన అమ్మానాన్నల ఫోటోలు, ఒక వెనిల్లా కొవ్వొత్తి. పోయినసారి తెచ్చినవే.

పోయినసారి అంటే, ఇంటికప్పు బాగుచేయించడానికి అప్పు కావలసి వచ్చినప్పుడు. మొదటి బ్యాంకు పంపినవాడికి వెర్లీనే తలుపు తీసింది. ఇంటికి వాడు కట్టిన విలువ చూసి అప్పు లేదన్నారు. రెండో బ్యాంకు మనిషి వచ్చేలోగా ఫోటోలన్నీ మంచాల కిందికి పోయాయి. నల్లవాళ్ల జుట్టుకే వాడే తలనూనె సీసాలు, టోపీలు, చివరికి స్నానాలగదిలో దువ్వెనలు కూడా. హెయిడీ తన ఫోటోలు తగిలించి, కొవ్వొత్తి వెలిగించి, ఇంటావిడలా సోఫాలో కూర్చుంది. తల్లీకొడుకులు రెండు వీధుల అవతల కారులో కూర్చున్నారు. విలువ ఒకటిన్నర రెట్లయింది. ఇంట్లో మనుషులు తప్ప ఏమీ మారలేదు. ఆ తర్వాత చాలా రోజులు, పోలీసు కారు కనబడితే చాలు, బ్యాంకుని మోసం చేసినందుకు తనకోసమే వచ్చిందనుకునేది వెర్లీన్.

“మిస్ వెర్లీన్, ఫోటోలు ఇంకా తియ్యలేదేం? బ్యాంకతను వచ్చే వేళయింది కదా,” అంది హెయిడీ.

“తియ్యటం లేదమ్మాయ్. ఈసారి తలుపు నేనే తీస్తాను.”

హెయిడీ కళ్లు చెమర్చాయి. ఇన్నాళ్లకి ఈ వీధిలో ఒకరు తలెత్తుకుని నిలబడుతున్నారని, కలిసి పుస్తకాలు చదువుకునే తన బృందంలో ఈ సంగతి చెప్పి తీరతానని అంది. కార్నెల్ మేకులు కొట్టిన సుత్తి పక్కన పెట్టి కుర్చీ దిగాడు.

“తల సంగతి కాదు. ఇవాళ లెక్క తేడా వచ్చిందంటే ఈ ఇల్లు నాకు దక్కదు,” అంది వెర్లీన్. “మన నల్లవాడే వస్తే ఏం చెయ్యాలా అని ఒకటే బెంగ.”

“మంచిదేగా?”

“ఏమో,” అని, ఆ పిల్లని చెయ్యిపట్టి గుమ్మం దాకా తీసుకెళ్లింది. అతను వెళ్లేదాకా ఇటు రావద్దంది. తన అండ అక్కర్లేదంటోందని హెయిడీకి ఇంకా ముచ్చటేసింది.

కార్నెల్ సిటీ బస్సులు బాగుచేసే షెడ్డులో పనిచేస్తాడు. ఇవాళ్టి కోసం సెలవు పెట్టి, చొక్కా ఇస్త్రీ చేసుకున్నాడు. వద్దంది తల్లి. పని బట్టలే వేసుకోమంది. షెడ్డులో స్నేహితులిద్దరినీ పిలిచి వాకిట్లో మెట్లమీద కూర్చోమంది. కొడుక్కి ఊహ తెలిసినప్పట్నుంచీ ఆ మెట్లమీద ఊరికే కూర్చోవద్దని వాణ్ణి తిట్టిన మనిషే.

“పోయినసారి కారులో తల దించుకోమన్నావు. ఇప్పుడు గుమ్మంలో బొమ్మని చేస్తున్నావు,” అన్నాడు కార్నెల్. “ఎందుకో ఒకందుకు పనికొస్తున్నాను లేమ్మా.”

వెర్లీన్ వాడి భుజం మీద చెయ్యి వేసింది. “కోపం వస్తే మొహంలో కనబడనీకు. చేతులు ఒళ్లోనే పెట్టుకో. అతనేమన్నా అననీ, నువ్వు లేవకు నాయనా.”

వచ్చినవాడు తెల్లవాడే. యాభై ఏళ్లుంటాయి. మెట్లమీద ముగ్గురినీ చూసి ఆగాడు, సంచీని చంకలోకి లాక్కున్నాడు, గోడవారగా ఎక్కాడు. వెర్లీన్ తలుపు బార్లా తీసి నవ్వింది. గోడమీద ఒక్కొక్కరినీ పేరుపేరునా చూపించింది. చేప తినమంది. అతను వద్దన్నాడు.

“అద్దెకుంటున్నారా?”

“సొంతమే. మా ఆయనా నేనూ కలిసి కొన్నాం.”

అతను తలూపాడు. కొత్త కప్పు వంక తలెత్తి చూడలేదు. వంటిల్లు గుమ్మంలోంచే చూశాడు. మేడ మీదికి సగం మెట్లెక్కి దిగొచ్చాడు. వీధిలోకి అడుగుపెడుతూ, వెనక్కి తిరగకుండానే చెప్పాడు.

“ఇప్పుడు రాసున్నంత దీనికి ఉండదు మేడమ్. నేనైతే మూడోవంతు తగ్గించేస్తాను.”

కారు మలుపు తిరగ్గానే హెయిడీ పరుగెత్తుకొచ్చింది. మాట తెలిసి మెట్లమీదే కూలబడి ఏడ్చింది. తన ఇంటికీ అదే ఇటుక, అవే తెల్లరాతి మెట్లు, అన్నే గదులు. తన ఇంటికి దీనికి రెండింతల విలువ కట్టారు. లాయరు దగ్గరికి వెళ్దామంది, కోర్టుకెక్కుదామంది. వెర్లీన్ ఆ పిల్ల తల నిమిరి, పళ్లెంలో నాలుగు చేపముక్కలు పెట్టి ఇచ్చింది.

స్నేహితులు వెళ్లిపోయారు. కార్నెల్ ఇంకా ఒళ్లో చేతులు పెట్టుకునే కూర్చుని ఉన్నాడు.

“ఎంత తగ్గించాడు?”

“మూడోవంతు.”

“అందులో నా వాటా ఎంత?” అన్నాడు. నవ్వుతున్నాడేమోనని వెర్లీన్ వాడి మొహంలోకి చూసింది. నవ్వటం లేదు. ఆమె వచ్చి పక్కన కూర్చుంది. వాడు జరిగి చోటిచ్చాడు గానీ అటు తిరగలేదు.

చెయ్యి కడుక్కొచ్చిన హెయిడీ ఇంకా బ్యాంకునే తిట్టిపోస్తోంది.

ఆ మనిషిని పంపింది ఇంటి విలువని బట్టి పన్ను వేసే ఆఫీసు.