పాత మరల ఇంజను

పది నిమిషాలు తిరిగి ఇంజను మళ్ళీ ఆగిపోయింది.

వెంకటప్పయ్య హ్యాండిలు కింద పడేసి గట్టు మీద కూలబడ్డాడు.

నాలుగెకరాల మిరపతోట. పూత మీదుంది. తడి పెట్టి పదిహేను రోజులైంది. బావిలో నీళ్ళున్నాయి. పైకి రావటమే లేదు.

తిరువూరు చుట్టుపక్కల పొలాలకు ఇంకా కరెంటు రాలేదు. ఆయిలింజను కొన్నాక మోటతో పనేముందని ఉన్న ఎద్దుల్ని అమ్మేశాడు. ఇప్పుడు అడుగుదామంటే ఎవరి ఎద్దులు వాళ్ళకే చాలటంలేదు.

మద్రాసు కంపెనీకి ఉత్తరం రాస్తే, 'మీరు పోసే ఆయిలు మంచిది కాదు' అన్నారు. ఆయిలు మార్చాడు.

మళ్ళీ రాస్తే, 'ఇంజను కింద సిమెంటు దిమ్మ మా పుస్తకంలో కొలత ప్రకారం లేదు' అన్నారు. దిమ్మ పగలగొట్టి కొత్తది పోయించాడు.

మూడోసారి రాస్తే బెజవాడ ఏజెంటును అడగమన్నారు. బస్సెక్కి వెళ్ళాడు.

"ఆయిలు చిమ్మే నాజిలు పోయిందండి. మార్చాలి" అన్నాడు ఏజెంటు.

"మార్చండి మరి."

"మీ ఇంజనుకు పట్టే నాజిలు ఇప్పుడు రావటంలేదు. నాజిలు బిగించే మరల కొలత కంపెనీ మార్చేసింది. మీది పాత కొలత."

"నేను కొని పది నెలలు కాలేదయ్యా! పాతదెట్లా అయింది?"

"మీరు కొనటం పది నెలల కిందట. అది తయారవటం ఎప్పుడో!" ఏజెంటు నవ్వాడు. "కొత్త మోడలు తీసుకోండి. బ్రహ్మాండంగా ఉంది."

అది చాలక, పోయిన నెల మెకానిక్కునంటూ ఒకడు వచ్చి, ఇంజనుతోపాటు ఇచ్చిన పానాల పెట్టె ఎత్తుకుపోయాడు.

అందుకే ఆ మధ్యాహ్నం గట్టు వెంబడి కొత్తమనిషి వస్తుంటే వెంకటప్పయ్య లేచి నుంచున్నాడు.

యాభై దాటిన మనిషి. మాసిన పంట్లాం. భుజాన గుడ్డసంచి. మోకాళ్ళదాకా దుమ్ము.

"వెంకటప్పయ్యగారు మీరేనాండి? నా పేరు శౌరయ్య. మీ ఇంజను ఒకసారి చూస్తానండి."

"కంపెనీవాళ్ళు పంపారా?"

"లేదండి."

"మరి నా ఇంజను పాడైందని నీకెవరు చెప్పారు?"

శౌరయ్య తటపటాయించాడు.

"ఈ రకం ఇంజన్లు ఎక్కడున్నా పాడయ్యే ఉంటాయండి. కొన్నవాళ్ళ పేర్లు రాసుకుని ఒక్కొక్కరి దగ్గరికే వెళుతున్నా."

వెంకటప్పయ్యకు ఒళ్ళు మండింది.

"దొంగలు పేర్లు రాసుకుని మరీ తిరుగుతున్నారన్నమాట!"

శౌరయ్య సంచిలోంచి చిన్న మూట తీసి విప్పాడు. అందులో కొత్త నాజిలు ఒకటి, వేలి కణుపంత ఇత్తడి బుష్షు ఒకటి.

"కొత్త నాజిలు మీ ఇంజనుకు నేరుగా పట్టదండి. ఈ బుష్షుకు బయట పాత మర, లోపల కొత్త మర కోయించాను. ముందు ఇది బిగిస్తే నాజిలు ఇందులో కూర్చుంటుంది. అరగంట పని. డబ్బులేం అక్కర్లేదండి."

ఆ ఆఖరి మాటతో వెంకటప్పయ్య అనుమానం రూఢి అయింది.

"ఊరికే చేసేవాణ్ణి నేనింతవరకు చూడలా. ఇంజను మీద చెయ్యి పడిందంటే విరగ్గొడతా!"

అన్నం క్యారేజీ తెచ్చిన భార్య పిచ్చమ్మ అడ్డం వచ్చింది.

"ఎండన పడి వచ్చాడు. చూడనిస్తే ఏం పోయింది?"

"పానాలు పోయిననాడూ ఇదే మాటన్నావు. నువ్వూరుకో."

శౌరయ్య మూట మళ్ళీ కట్టి వెంకటప్పయ్య చేతిలో పెట్టాడు.

"పోనీ, నన్ను నమ్మొద్దు. ఇది దగ్గరుంచుకోండి. తెలిసినవాళ్ళెవరితోనైనా బిగించుకోండి. తోట ఎండిపోతోంది."

"నా తోట సంగతి నీకెందుకు?"

వెంకటప్పయ్య మూటను బావిలోకి విసిరేశాడు.

శౌరయ్య బావి అంచున నుంచుని కాసేపు లోపలికి చూశాడు. తర్వాత పిచ్చమ్మ దగ్గర మంచినీళ్ళు అడిగి తాగి, విస్సన్నపేట బస్సు వచ్చే వేళైందంటూ రోడ్డువైపు నడిచాడు.

వారంలో పూత రాలిపోయింది. నెల తిరిగేసరికి మొక్కలు కట్టెలయ్యాయి.

ఇంకో నెలకు, చేను దున్నటానికి బాడుగ ఎద్దులేమైనా దొరుకుతాయేమోనని వెంకటప్పయ్య వినగడప వెళ్ళాడు.

అక్కడ బావ వరసయ్యే జగన్నాథరావు చేలో ఇంజను తిరుగుతోంది. అదే రంగు. అదే కంపెనీ. చేలో మిరపకాయలు ఎర్రగా విరగకాసి ఉన్నాయి.

"నీది నడుస్తోందేం బావా!"

"శౌరయ్య అని ఒకాయన వచ్చి బుష్షేదో బిగించిపోయాడు. అప్పట్నుంచి ఆగితే ఒట్టు. పైసా తీసుకోలేదు, మజ్జిగ తాగి వెళ్ళాడు. ఆయన కాగితంలో నీ పేరూ చూశానే? నీ దగ్గరికి రాలేదా?"

"వచ్చాడు" అన్నాడు వెంకటప్పయ్య.

"మరేమైంది?"

"ఆయన ఇప్పుడెక్కడున్నాడు బావా?"

"ఎవరికి తెలుసు? నేనూ వాకబు చేయించా. ఇదుగో, మొన్న కంపెనీ ఈ ఉత్తరం పంపింది. కొన్నవాళ్ళందరికీ పంపారట. నీకు రాలేదూ?"

కంపెనీ కవర్లు విప్పటం వెంకటప్పయ్య ఎప్పుడో మానేశాడు.

జగన్నాథరావు కళ్ళద్దాలు పెట్టుకుని చదివాడు:

"శౌరయ్య అను వ్యక్తి తమ వద్దకు వచ్చినచో ఇంజనును ముట్టుకొననివ్వవద్దని మనవి. పాత మరల ఇంజన్లు రైతులకు అమ్మదగవని తనిఖీ పుస్తకములో తప్పుగా వ్రాసి, ఎన్నిమార్లు ఆదేశించినను ఆ వ్రాత కొట్టివేయనందున, ఇరువది రెండేండ్ల సర్వీసు గల సదరు ఇన్‌స్పెక్టరును నిరుడే ఉద్యోగమునుండి తొలగించితిమి."