పని చేయని మహారాణి

విశాఖ కోర్టులో బీమా కంపెనీ ప్లీడరు నూకరాజును ఎంతో మర్యాదగా అడిగాడు. "లారీ కింద పడి చనిపోయిన మీ ఆవిడ ఏమైనా సంపాదించేదాండీ?"

నష్టపరిహారం ఆ జవాబు మీదే తేలుతుందని అతని తరఫు వకీలుగా నేను వారం రోజులుగా చెబుతున్నాను. కానీ నలుగురి ముందు పెళ్ళాం సంపాదన తిన్నానని ఒప్పుకుంటే మీసం ఏమైపోవాలి?

"మా ఇంటి ఆడది పని సేయడమేటి బాబూ! నాను సాకలేనా? ఇంటికాడ మారాణిలాగ కూకునేది!"

ప్లీడరు ఆయనకు దండం పెట్టినంత పని చేశాడు. జడ్జిగారు 'ఆదాయం లేదు' అని రాసుకున్నారు.

బయటికి రాగానే నూకరాజు నా చెయ్యి పట్టుకున్నాడు.

"డబ్బులు బేగి వచ్చీలా సూడు తమ్ముడూ. దాని సేపల గంప ఆగిపోయిన కాడ్నించీ పిల్లలు పస్తులుంటన్నారు. నాను వేట మానేసి ఆరేళ్ళయింది గదా!"