నల్ల కవరు

“ఇదేంటో చూడు!” అంటూ అక్క ఆ నల్ల కవరును తమ్ముడి చేపల కొట్టు బల్ల మీదికి విసిరింది. విప్పకుండా రెండు వేళ్లతో పట్టుకొచ్చిందేమో, అది ఇంకా ఉండచుట్టుకునే ఉంది, కంపు కొడుతోంది. బేరమాడుతున్నవాళ్లు బేరం మరిచి ముక్కులు మూసుకున్నారు.

“మడ అడవి దగ్గర చచ్చిన తాబేలు పొట్టలోంచి తీశారు. నల్ల కవర్లో పీతలు కట్టిచ్చేది ఈ వీధిలో నువ్వు కాక ఇంకెవరు?”

తమ్ముడు ఏదో అనబోయాడు. కవరు విప్పి, తిరగేసి చూశాడు. అక్క మొహం వంక చూశాడు. తర్వాత తలదించుకున్నాడు.

“పొరపాటైందక్కా.”

“నువ్వు నా తోడబుట్టినవాడివని చెప్పుకోవాలంటే సిగ్గుతో చచ్చిపోతున్నాను!”

ఆమెకు మడ మొక్కల నర్సరీయే ప్రాణం. తెల్లారగానే పెరట్లో కూర్చుని, మేకు కాల్చి మొక్క సంచులకు చిల్లులు పొడిచేది, నీళ్లు నిలిస్తే వేరు కుళ్లుతుందని. బురద మట్టి నింపి, విత్తు గుచ్చి, చంటిపిల్లల్లా సాకేది. మోకాళ్ల నొప్పులతో మడలోకి దిగలేకపోయేది. గట్టు మీదే నిలబడి మొక్కలు అందిస్తూ, నాటడానికి వచ్చినవాళ్లను కాల్చుకు తినేది.

“మట్టిముద్ద చెదిరిందో, ఊరుకోను! వేరు కదలకూడదు!”

వాళ్లు బుద్ధిగా తలూపి దిగేవాళ్లు. నడుం దాకా బురదతో, ఖాళీ చేతులతో తిరిగొచ్చేవాళ్లు.

ఆ గొడవతో తమ్ముడి పరువు బజారున పడింది. కవర్లు మానేసి గిన్నెలు తెచ్చుకోమన్నాడు. జనం గిన్నెలు మోయలేక పక్క కొట్టుకు పోయారు.

తర్వాతి నాట్ల రోజున అతను ప్యాంటు మోకాళ్ల పైకి మడిచి గట్టు దగ్గరికొచ్చాడు.

“ఈసారి నేనూ దిగుతానక్కా. నాటేవాళ్ల దగ్గరుండి చూసుకుంటా.”

“నీ చెయ్యి తగిలితే మొక్క బతకదు. పో అవతలికి!”

అందరూ విన్నారు. అతను మడిచిన ప్యాంటు దించుకుని వెళ్లిపోయాడు. ఇలాంటి తమ్ముడు తనకే దొరకాలా అని ఆమెకు తల కొట్టేసినట్టయింది.

కొన్నాళ్లకు ఇంకో తాబేలు ఒడ్డుకు కొట్టుకొచ్చింది. అక్క చరచరా తమ్ముడి ఇంటికెళ్లింది. అతను లేడు. పెరట్లో మాత్రం బురద పట్టిన నల్ల కవర్లు గుట్టగా పడున్నాయి.

“మానేశానని ఊరంతా చాటి, ఇవన్నీ ఏంటమ్మా?” అని మరదల్ని నిలదీసింది.

“మెల్లగా వదినా. పోటు తగ్గినప్పుడల్లా మడలోకెళ్లి ఏరుకొస్తున్నారు. ఇప్పుడూ అక్కడే ఉన్నారు. ఎందుకండీ అంటే చెప్పరు. అక్క తట్టుకోలేదు, నువ్వూరుకో అంటారు.”

“నిజమే, తట్టుకోలేను! ఇంటి పేరు బురదపాలు చేశాడు. రానీ, మొహాన కొడతాను.”

గుట్టలోంచి ఒక కవరు లాగింది. బురద వదలడానికి అందులో చెంబుడు నీళ్లు పోసింది. పోసిన నీళ్లు పోసినట్టే ఆమె పాదాల మీద కారిపోయాయి. తిరగేసి చూసింది.

అడుగున, మేకు కాల్చి పొడిచిన చిల్లులున్నాయి.