గీత బయటి ఆట

ముప్ఫై నాలుగు సార్లు మూడు పాయింట్ల గీత బయటి నుంచి వేస్తే ఆరే పడ్డాయి. బొమ్మసంద్ర పంపుల ఫ్యాక్టరీ బాస్కెట్‌బాల్ జట్టు వరుసగా రెండో ఏడూ సెమీఫైనల్లోనే ఆగిపోయింది. ఒక్క పాయింటు తేడా.

డ్రెస్సింగ్ రూములో లలిత్ తువ్వాలును నేలకేసి కొట్టాడు. జట్టులో అందరికన్నా పొడగరి అతనే. రింగు కింద బంతి చేతికందితే రెండు పాయింట్లు ఖాయం. ఆ రోజు సగం ఆట చేతులెత్తుకుని నిలబడే ఉన్నాడు.

"చివరి నిమిషంలో నీ పక్కనే ఉన్నా కదన్నా! ఒక్కసారన్నా నా వైపు చూసినావా?"

కెప్టెన్ ఇస్సాకు వంగి బూట్ల తాళ్ళు విప్పుకుంటున్నాడు. "అది పడుంటే మూడొచ్చేవి," అన్నాడు.

"మూడెందుకన్నా? మనకు రెండు చాలు కదా!"

ఇస్సాకు రెండో బూటు తాళ్ళు విప్పడం మొదలుపెట్టాడు.

కిందటేడు, 2002 సెమీఫైనల్లో, ఆఖరి బంతితో రింగు కిందికి దూసుకెళ్ళింది అతనే. అవతలి జట్టువాడు పక్క నుంచి అడ్డం వచ్చాడు. ఇద్దరూ గుద్దుకుని పడ్డారు. బంతి పోయింది, ఆట పోయింది. మర్నాటి నుంచి ఇస్సాకుది ఒకటే పట్టు. లోపలికి పోవద్దు, గీత బయటి నుంచే కొడదాం.

రోజూ మొదటి బస్సుకే కె.ఆర్.పురం నుంచి వచ్చేసి, షిఫ్టు మొదలయ్యేదాకా రింగుకేసి కొడుతూనే ఉండేవాడు. మొదట్లో జట్టు నవ్వింది. లీగులో తొమ్మిది ఆటలు గెలిచాక నవ్వడం మానేసింది. ఒకరి తర్వాత ఒకరు అందరూ గీత బయటికొచ్చి నిలబడ్డారు. లోపల లలిత్ ఒక్కడే మిగిలాడు.

సెమీఫైనల్లో బంతులు పడటం ఆగిపోయినప్పుడు కోచ్ చిన్నప్ప గొంతు చించుకున్నాడు. "లోపల ఖాళీగా ఉండాదప్పా, పొండి!" ఎలా పోవాలో ఎవరికీ గుర్తు లేదు.

లలిత్ కోపం చల్లారింది. వెళ్ళిపోతూ ఇస్సాకు పక్కన ఆగి చెయ్యి చాచాడు. కాసేపు అలాగే నిలబడ్డాడు. ఇస్సాకు అందుకోలేదు.

"ఓడిపోయినా పొగరు తగ్గలేదు," అనేసి లలిత్ వెళ్ళిపోయాడు.

సోమవారం పొద్దున చిన్నప్ప ఫ్యాక్టరీ గేటు దగ్గరే ఇస్సాకును పట్టుకున్నాడు.

"నిన్ను టీములోంచి తీసేసినారప్పా. స్పోర్ట్స్ కోటాలో వచ్చినోడు ఆడకపోతే ఉద్యోగం ఎందుకన్నారు. ఇంతసేపూ మేనేజరు ముందర కూర్చుని ఒప్పించుకుని వచ్చినా. నీకు హెవీ లైసెన్సు ఉండాది కదా, స్టాఫ్ బస్సుకు డ్రైవరు కావాలంట. రాత్రి షిఫ్టువాళ్ళను దింపేది."

"నేనా?"

"ఇంకేం చేస్తావప్పా? ఇంట్లో చంటిబిడ్డ ఉండాది."

ఇస్సాకు ఏదో చెప్పబోయాడు. చిన్నప్ప అప్పటికే తాళంచెవి అతని అరచేతిలో పెట్టి, వేళ్ళు మూసి, భుజం తట్టాడు.

బస్సు నిండా జనం. రాత్రంతా పనిచేసి అలసిపోయినవాళ్ళు, సగంమంది అప్పుడే నిద్రపోతున్నారు. ముందు సీట్లో లలిత్ కిటికీ వైపు మొహం తిప్పుకుని కూర్చున్నాడు.

సూటిగా ఎదురుగా ఉన్నది తప్ప పక్కన ఉన్నదేదీ తనకు ఏడాదిన్నరగా కనిపించడం లేదన్న మాటను ఈసారీ మింగేసి, ఇస్సాకు బస్సును హోసూరు రోడ్డెక్కించాడు.