కొండ కింద మనిషి

“ఇందులో నువ్వెక్కడ మావా? అంతా కొండే కనబడుతోంది,” అంది లోవమ్మ, తెల్లదొర పంపిన ఫోటో తిప్పి తిప్పి చూస్తూ.

పాపికొండల దగ్గర పడవ మీద నిలబెట్టి దొర తన బొమ్మ తీశాడని పోలవరమంతా చాటుకున్న నూకయ్య మొహం మాడిపోయింది. “అదిగో, కింద. ఆవగింజంత.”

“దీనికేనా తలపాగా ఉతికించావు? రేపు ఊరంతా చూడ్డానికొస్తారు.”

“నవ్వుకోనీ. దొరల కంటికి మనం అంతకన్నా ఎప్పుడు ఆనాం గనక.”

లోవమ్మ నవ్వుతూనే ఆ ఆవగింజని వేలితో మూసింది. వేలు తీసింది. మళ్లీ మూసింది. నవ్వు ఆగిపోయింది.

“మావా, ఇటు చూడు. నిన్ను మూసేస్తే ఆ కొండ ఇసకదిబ్బలా ఉంది. వేలు తియ్యగానే కొండైపోతోంది.”

నూకయ్య ఒంగి చూశాడు.

“అందుకా, నేను కాస్త పక్కకి జరిగితే దొర అంతలా కేకలేశాడు,” అన్నాడు మెల్లగా. “ఏదీ, ఇంకోసారి మూయవే.”